ఐకాన్ నొక్కితే నల్ల విండో మెరిసి మాయమవుతోంది – ఆఫీసు డెస్క్‌టాపుల నుంచి సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్

గుణుపురం_గుమాస్తా
డెస్క్‌టాప్ మీద పెట్టిన ఐకాన్ డబుల్ క్లిక్ చేస్తే నల్ల విండో ఒక్క క్షణం మెరిసి మూసుకుపోతోంది. లోపల ఏవో రెండు మూడు లైన్లు వస్తున్నాయి, చదివేలోపే మాయం. ఆఫీసులో నాలుగు మెషీన్లు. మూడింట్లో విండోస్ 10, ఒకదాంట్లో ఉబుంటు 22.04. సర్వర్ ముంబయిలో అద్దెకు తీసుకున్నది, అదీ ఉబుంటే. షార్ట్‌కట్ టార్గెట్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలో ఉన్న సర్వర్‌లోకి దిగే ప్రోగ్రామ్), యూజర్ పేరు, ఐపీ నేరుగా రాసేశాను. మొదటి మెషీన్లో బానే తెరుచుకుంటోంది, రెండోది, మూడోది ఇలాగ.

తెరుచుకున్న దాంట్లో కూడా పది నిమిషాలు ముట్టుకోకపోతే బిగుసుకుపోతోంది, ఎంటర్ కొట్టినా కదలదు. రాత్రి బ్యాకప్ నడుస్తుండగా కరెంటు పోతే మళ్లీ మొదట్నుంచి. ఇవన్నీ ఒకే జబ్బా, వేర్వేరా? సీట్లో కూర్చునేవాళ్లు ఆదేశాలు కొట్టరు. వాళ్లకి ఐకానే కావాలి.

వంశధార_ఒడ్డు
ఆ రెండు లైన్లలో ఏముందో తెలీకుండా ఎవరు ఏం చెప్పినా గుడ్డిదెబ్బే. ముందు విండోని ఆపండి.

జయపురం_జాబిలి
వేర్వేరు జబ్బులే. వంశధార గారన్న పని ముందు చేద్దాం.

షార్ట్‌కట్ నేరుగా ఎస్‌ఎస్‌హెచ్‌ని పిలిస్తే, ఎస్‌ఎస్‌హెచ్ ఆగిన వెంటనే విండో కూడా పోతుంది. కనెక్షన్ కుదరకపోతే అది 255 అనే కోడ్‌తో బయటికొచ్చేస్తుంది, మీరు చూస్తున్న మెరుపు అదే. షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టార్గెట్ గడిలో ఇప్పుడున్న దానికి ముందు ‘సిఎండి /కె’ అని చేర్చి ఒక ఖాళీ వదలండి. /కె అంటే లోపలి పని అయిపోయినా విండో ఉంచమని. పొరపాటున /సి పెడితే మళ్లీ మూసుకుపోతుంది.

విండోస్ టెర్మినల్ వేసుంటే ‘డబ్ల్యూటీ ఎస్‌ఎస్‌హెచ్’ అని మొదలుపెట్టండి. దాని మామూలు సెట్టింగే సున్నా కాని కోడ్‌తో ఆగిన ట్యాబ్‌ని మూయదు.

ఇక్కడ ఆదేశాలు తెలుగులో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలు. పెద్దక్షరం కావలసిన చోట విడిగా చెప్తాను.

పర్లాకిమిడి_ప్రాంప్ట్
ఇంత గొడవెందుకండీ, పుట్టీ అని ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ ఉంది, అది వేసెయ్యండి. ఐపీ, యూజర్, కీ (పాస్‌వర్డ్‌కి బదులు వాడే ఫైల్) అన్నీ పెట్టి సెషన్‌ని ‘ఖాతా’ అని సేవ్ చేస్తే షార్ట్‌కట్ టార్గెట్ ‘పుట్టీ -లోడ్ ఖాతా’. సెషన్ పేజీలో అడుగున ‘క్లోజ్ విండో ఆన్ ఎగ్జిట్’ ఉంటుంది, దాన్ని నెవర్ చేస్తే విండో పోదు. కనెక్షన్ పేజీలో కీప్‌అలైవ్ సెకన్లు సున్నా ఉంటాయి, 60 చేస్తే బిగుసుకోవడం కూడా పోతుంది. మూడు క్లిక్కులు.

బరంపురం_బాష్
పుట్టీ మంచి సామానే, కాదనను. కానీ నాలుగో మెషీన్ ఉబుంటు అని రాశారు కదా. విండోస్‌లో పుట్టీ సెషన్లు రిజిస్ట్రీలో ఉంటాయి, కీ పీపీకే అనే సొంత రూపంలో ఉంటుంది. రేపు ఐపీ మారితే ఒక్కో మెషీన్లో పుట్టీ తెరిచి, సెషన్ లోడ్ చేసి, మార్చి, సేవ్ నొక్కడం గుర్తుపెట్టుకోవాలి. సేవ్ మరిచిపోతే మార్పు పోయినట్టే.

విండోస్ 10లో 1803 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింటు లోపలే వస్తోంది. సి డ్రైవ్, విండోస్, సిస్టమ్32, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఉంటుంది. లేకపోతే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ నుంచి వేసుకోవచ్చు. దానికి ఒక కాన్ఫిగ్ ఫైల్ చాలు. యూజర్ ఫోల్డర్ లోపల .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్, అందులో ‘కాన్ఫిగ్’ అనే ఫైల్. విండోస్‌లోనూ ఉబుంటులోనూ లోపలి రాత ఒకటే:

హోస్ట్ ఖాతా
  హోస్ట్‌నేమ్ 203.0.113.25
  యూజర్ ఉబుంటు
  ఐడెంటిటీఫైల్ ~/.ఎస్‌ఎస్‌హెచ్/ఖాతాకీ
  ఐడెంటిటీస్‌ఓన్లీ యెస్
  సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్ 60
  సర్వర్‌అలైవ్‌కౌంట్‌మ్యాక్స్ 3

ఎడమ పక్క మాటల్లో చిన్నాపెద్దా తేడా లేదు, కానీ ఒక్కో మాట ఒకే ముక్కగా ఉండాలి, మధ్యలో ఖాళీ రాకూడదు. ఇక ఐకాన్‌లో ‘ఎస్‌ఎస్‌హెచ్ ఖాతా’ తప్ప ఇంకేమీ ఉండొద్దు. ఐకాన్‌కి పేరొక్కటే తెలియాలి, మిగతా అంతా ఫైల్‌లో. ఫైళ్లు మోసే ఎస్‌సిపి, ఎస్‌ఎఫ్‌టిపి, ఆర్‌సింక్, ఇంకా గిట్, అన్నిటికీ ఇదే పేరు పనికొస్తుంది.

జయపురం_జాబిలి
బాష్ గారి ఫైల్‌కి రెండు జాగ్రత్తలు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే అది ‘కాన్ఫిగ్.టీఎక్స్‌టీ’ అయి కూర్చుంటుంది, ఎక్స్‌ప్లోరర్ ఆ తోక చూపించదు. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టి చూడండి, ఉంటే తీసెయ్యండి. ఎస్‌ఎస్‌హెచ్ ఆ ఫైల్‌ని అసలు చదవదు, చదవలేదని చెప్పదు కూడా. ‘ఖాతా అనే హోస్ట్ దొరకలేదు’ అంటుంది అంతే.

రెండోది, పవర్‌షెల్ 5.1లో ‘>’ గుర్తుతో ఫైల్ రాస్తే అది యూటీఎఫ్-16లో పడుతుంది. అప్పుడు ‘బ్యాడ్ కాన్ఫిగరేషన్ ఆప్షన్’ అని చెప్పి పక్కన \377\376 అంకెలు చూపిస్తుంది. ఆ అంకెలు కనిపిస్తే రాతలో తప్పు వెతక్కండి, నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ తెరిచి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 చేయండి.

కిన్వట్_కీబోర్డు
వాట్సాప్‌లో వచ్చిన ఆదేశాన్ని కాపీ చేసి షార్ట్‌కట్‌లో పెట్టేవాళ్లకి ఒక మాట. దారిలో చిన్న గీత ‘-’ కాస్తా పొడుగు గీత ‘–’ అయిపోతుంది, నిటారు కొటేషన్లు వంకరవుతాయి. కంటికి ఒకేలా ఉంటాయి. ఎస్‌ఎస్‌హెచ్‌కి మాత్రం పొడుగు గీత ఆప్షన్ కాదు, సర్వర్ పేరు అనుకుని దాన్ని వెతుకుతుంది. గీతలన్నీ చెరిపి చేత్తో కొట్టండి.

గుణుపురం_గుమాస్తా
సిఎండి /కె పెట్టాను, విండో ఆగింది. రెండో మెషీన్లో ‘అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ ఫైల్’ అని చుట్టూ @ గుర్తులతో పెద్ద పెట్టె, కింద ‘పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ’. మూడో దాంట్లో కూడా @ గుర్తుల పెట్టె, కానీ ‘రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ చేంజ్‌డ్’ అంటోంది. కీ ఒక్కటే, పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లి అన్నిట్లోనూ పెట్టాను. రెండో దాంట్లో పెన్‌డ్రైవ్ నుంచే చదువుతోంది, అది ఎప్పుడూ గుచ్చే ఉంటుంది.

పర్లాకిమిడి_ప్రాంప్ట్
మూడో దానికి స్ట్రిక్ట్‌హోస్ట్‌కీచెకింగ్ నో అని కాన్ఫిగ్‌లో ఒక లైన్ వేస్తే మళ్లీ అడగదు.

నాగావళి_నెట్
వద్దు. దయచేసి ఆ లైన్ వెయ్యకండి. అది తాళం పాడైందని తలుపే పీకెయ్యడం.

ఆ పెట్టె చెప్పేది ఒకటే: ఈ ఐపీ దగ్గర కిందటిసారి చూసిన సర్వర్ తాళం వేరు, ఇప్పుడున్నది వేరు. కారణం మామూలుదే కావచ్చు, సర్వర్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే కొత్త తాళాలు పుడతాయి. లేదా మధ్యలో ఎవరో దూరి ఉండొచ్చు. రెంటికీ తేడా కనుక్కోవడానికి రెండు నిమిషాలు చాలు. సర్వర్ అద్దెకిచ్చిన వాళ్ల వెబ్‌సైట్‌లో కన్సోల్ ఉంటుంది, బ్రౌజర్ నుంచే సర్వర్‌లోకి దిగొచ్చు. అక్కడ ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఎల్ఎఫ్ /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్_హోస్ట్_ఈడీ25519_కీ.పబ్’ కొడితే ఎస్‌హెచ్‌ఏ256తో మొదలయ్యే వేలిముద్ర వస్తుంది. మూడో మెషీన్లో ఆ పెట్టె లోపల కూడా ఒక వేలిముద్ర ఉంటుంది. రెండూ అక్షరం అక్షరం సరిపోతే ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఆర్ 203.0.113.25’, ఇక్కడ ఆర్ పెద్దక్షరం. పాత తాళం నోన్‌హోస్ట్స్ ఫైల్ నుంచి పోతుంది, మళ్లీ కనెక్ట్ అయితే కొత్తది రాసుకుంటుంది. సరిపోకపోతే ఎంటర్ కూడా కొట్టొద్దు.

మొదటి మెషీన్ ఎందుకు అడగలేదో కూడా చూడండి. మళ్లీ ఇన్‌స్టాల్ చేశాకే దాన్ని మొదటిసారి కలిపి ఉంటారు.

గుణుపురం_గుమాస్తా
అవునండి, సర్వర్ పోయిన నెల మళ్లీ వేశాం. మొదటి మెషీన్ ఆ తర్వాత పెట్టిందే. వేలిముద్ర పోల్చాను, సరిపోయింది. మూడోది తెరుచుకుంది.

జయపురం_జాబిలి
ఇక రెండోది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయ్యుంటుంది. వాటిలో ఫైల్‌కి యజమాని, అనుమతి అనేవే ఉండవు, అందరికీ అన్నీ తెరిచినట్టే లెక్క. ఎస్‌ఎస్‌హెచ్ అలాంటి కీని ముట్టుకోదు. ఎన్ని తంటాలు పడ్డా పెన్‌డ్రైవ్ మీద అనుమతులు సరిచెయ్యలేరు. కీని సి డ్రైవ్‌లో మీ యూజర్ ఫోల్డర్‌లోని .ఎస్‌ఎస్‌హెచ్‌లోకి కాపీ చెయ్యండి. ఇంకో డ్రైవ్ నుంచి వచ్చిన ఫైల్ కొత్త ఫోల్డర్ అనుమతుల్నే తీసుకుంటుంది, చాలాసార్లు అంతటితో అయిపోతుంది.

కానీ అదే సి డ్రైవ్‌లో పబ్లిక్ ఫోల్డర్ నుంచి కట్ చేసి పేస్ట్ చేస్తే పాత అనుమతులు వెంటే వస్తాయి. అప్పుడు సిఎండి తెరిచి ‘ఐసిఏసిఎల్ఎస్ ఖాతాకీ /ఇన్హెరిటెన్స్:ఆర్’, తర్వాత ‘ఐసిఏసిఎల్ఎస్ ఖాతాకీ /గ్రాంట్:ఆర్ %యూజర్‌నేమ్%:ఆర్’. మొదటిది వారసత్వంగా వచ్చినవి తీసేస్తుంది, రెండోది మీకు మాత్రం చదివే హక్కు ఇస్తుంది. పవర్‌షెల్‌లో కొట్టకండి, అక్కడ శాతం గుర్తుల మధ్య పేరు తెరుచుకోదు.

ధర్మాబాద్_డెబియన్
అసలు తప్పు అనుమతుల్లో లేదు. ఒకే ప్రైవేట్ కీని నాలుగు మెషీన్లకు మోయడం, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వదిలెయ్యడం, అదీ తప్పు. ఆ పెన్‌డ్రైవ్ ఫొటోషాపులోనో జిరాక్స్ సెంటర్‌లోనో మరిచిపోతే సర్వర్ తాళం చెవి పోయినట్టే. నాలుగు మెషీన్లలోనూ కీ మార్చాలి.

ఏ మెషీన్ కీ ఆ మెషీన్లోనే పుట్టాలి. ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -టి ఈడీ25519 -సి సీటు2’, ఇక్కడ టి చిన్నది, సి పెద్దది. సీటు2 అన్నది గుర్తుకోసం. పాస్‌ఫ్రేజ్ (కీ ఫైల్‌కి వేసే పాస్‌వర్డ్) అడుగుతుంది, పెట్టండి. .పబ్ తోకున్న ఫైల్ ఒక్కటే బయటికి వెళ్లాలి, అది వాట్సాప్‌లో పంపినా ప్రమాదం లేదు. సర్వర్‌లో ఆథరైజ్డ్_కీస్ ఫైల్‌లో సీటుకో లైన్. ఒక మెషీన్ అమ్మేసినా, మనిషి మానేసినా ఆ లైన్ ఒక్కటి తీసేస్తే సరి.

బరంపురం_బాష్
డెబియన్ గారితో నూటికి నూరు. ఒకటి కలుపుతాను: విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ ఉండదు. పబ్ ఫైల్‌లోని ఒకే లైన్‌ని ఇప్పటికే తెరుచుకుంటున్న మెషీన్ నుంచి సర్వర్‌లో అతికించాలి. అతికించేటప్పుడు లైన్ మధ్యలో విరగకూడదు. సర్వర్‌లో .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ అనుమతి 700, ఆథరైజ్డ్_కీస్ అనుమతి 600 ఉండాలి, అంటే యజమానికి తప్ప ఇంకెవరికీ తెరవకూడదు. హోమ్ ఫోల్డర్‌కి గ్రూపు రాసే హక్కు ఉన్నా సర్వర్ ఆ కీని పట్టించుకోదు, క్లయింటుకి కారణం చెప్పదు. సర్వర్ లాగ్‌లో ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని ఉంటుంది.

వంశధార_ఒడ్డు
పాస్‌ఫ్రేజ్ పెడితే ఐకాన్ నొక్కిన ప్రతిసారీ అడుగుతుంది. సీట్లోవాళ్లు ఒప్పుకోరు.

జయపురం_జాబిలి
దానికి ఏజెంట్ ఉంది వంశధార గారూ. విండోస్‌లో ఆ సర్వీస్ మామూలుగా ఆపేసి ఉంటుంది. అడ్మిన్ పవర్‌షెల్‌లో ‘సెట్-సర్వీస్ ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్ -స్టార్టప్‌టైప్ ఆటోమేటిక్’, తర్వాత ‘స్టార్ట్-సర్వీస్ ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్’. ఇక మామూలు విండోలో ‘ఎస్‌ఎస్‌హెచ్-యాడ్’ తర్వాత కీ ఫైల్ దారి. పాస్‌ఫ్రేజ్ ఒక్కసారి ఇస్తే చాలు, మెషీన్ ఆపి వేసినా గుర్తుంటుంది.

గిట్ కూడా వేసుకున్న మెషీన్లయితే అందులో ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ ఉంటుంది. అది ఈ ఏజెంట్‌తో మాట్లాడదు. సిఎండిలో ‘వేర్ ఎస్‌ఎస్‌హెచ్’ కొట్టి మొదటి వరుసలో సిస్టమ్32 ఉందో లేదో చూడండి.

పర్లాకిమిడి_ప్రాంప్ట్
మావాళ్లు బ్యాట్ ఫైల్‌లో పుట్టీతో వచ్చే ప్లింక్‌ని పిలుస్తూ ‘ప్లింక్ -పీడబ్ల్యూ’ అని పాస్‌వర్డ్ రాసేసి ఐకాన్ చేశారు. నడుస్తోంది. అదీ ఒక దారి.

ధర్మాబాద్_డెబియన్
బ్యాట్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచిన ఎవరికైనా ఆ పాస్‌వర్డ్ కనిపిస్తుంది. ప్లింక్ నడుస్తున్నంతసేపూ టాస్క్ మేనేజర్‌లో కమాండ్ లైన్ కాలమ్ పెట్టుకుంటే అక్కడా కనిపిస్తుంది. ఇవాళే తీయించండి ప్రాంప్ట్ గారూ.

పర్లాకిమిడి_ప్రాంప్ట్
టాస్క్ మేనేజర్‌లో చూశాను, నిజమే, మొత్తం బయటే ఉంది. పుట్టీ ఏజెంట్ పేజెంట్‌లో కీ పెట్టించి ఆ బ్యాట్ ఫైల్ తీసేశాం.

కిన్వట్_కీబోర్డు
పాస్‌వర్డ్ మాట వచ్చింది కాబట్టి. గుణుపురం, రాయగడ ఆఫీసుల్లో ఒడియా కీబోర్డు, మా దగ్గర మరాఠీ, అందరి దగ్గరా తెలుగు ఇన్‌స్క్రిప్ట్. ఉత్తరం టైపు చేసి నేరుగా టెర్మినల్‌కి వస్తే లేఅవుట్ అలాగే ఉండిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ అడిగేటప్పుడు చుక్క కూడా చూపించదు, మీరు ఒడియాలో కొడుతున్నా తెలీదు. మూడుసార్లు తప్పు, ‘పర్మిషన్ డినైడ్’. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఈఎన్‌జీ చేసుకోండి. అనుమానమైతే పాస్‌వర్డ్ అడగకముందు ప్రాంప్ట్ దగ్గర రెండక్షరాలు కొట్టి చూసి చెరపండి.

సిరోంచ_సిగ్నల్
మా దిక్కు ఇంకో తీరుగ ఉన్నది. విండో మూసుకపోదు, తప్పు జెప్పదు, మధ్యల నిలవడ్తది. ఎస్‌ఎస్‌హెచ్‌కు చిన్న గీతతోని మూడు చిన్న ‘వి’లు పెట్టి చూస్తే ‘ఎక్స్‌పెక్టింగ్ ఎస్‌ఎస్‌హెచ్2’ అని మొదలైతది, చివర్ల ‘ఈసీడీహెచ్ రిప్లై’ అని ఉంటది, ఆ లైన్ కాడ ఆగి ఎంతసేపైనా గట్లనే. అదే డెస్క్‌టాప్‌కు ఫోన్ యూఎస్‌బీతోని నెట్ ఇస్తే రెండు సెకన్లల్ల లోపలికి పోతది. సర్వర్ ఒక్కటే, కీ ఒక్కటే. బ్రాడ్‌బ్యాండ్ మీదనే లేదు. ఎందుకు?

నాగావళి_నెట్
సిగ్నల్ గారూ, మీరు ఆగిన లైన్ రాయడం వల్ల పని తేలికైంది. ఆ లైన్ దగ్గర ఆగితే నూటికి తొంభైపాళ్లు ఎంటీయూ (లైన్ మోయగలిగే ప్యాకెట్ సైజు) గొడవే.

మొదటి పలకరింపులు చిన్న ప్యాకెట్లు, అవి దాటిపోతాయి. తాళాలు మార్చుకునే దగ్గర పెద్ద ప్యాకెట్లు వస్తాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి మామూలుగా వాడే కొత్త పద్ధతిలో ఒక్క తాళమే వెయ్యి బైట్లు దాటుతుంది. మీ లైన్ పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి కలిసే బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి) అయితే 1500లో 8 బైట్లు దానికే పోతాయి, 1492 మిగులుతుంది. పైన వీపీఎన్ ఉంటే ఇంకా తగ్గుతుంది. ‘ప్యాకెట్ పెద్దదైంది, తగ్గించు’ అని వెనక్కి చెప్పే సందేశాన్ని దారిలో ఏ రౌటరో అడ్డుకుంటే పెద్ద ప్యాకెట్ మాయం, ఎవరికీ తెలీదు.

కొలవండి. సిఎండిలో ‘పింగ్ -ఎఫ్ -ఎల్ 1464’ తర్వాత సర్వర్ ఐపీ. సర్వర్ పింగ్‌కి జవాబిచ్చేదై ఉండాలి. 1464కి హెడర్ల 28 కలిపితే 1492. జవాబు రాకపోతే 1432, 1412, 1392, ఇలా తగ్గిస్తూ రండి. జవాబు వచ్చిన అంకెకు 28 కలిపితే మీ లైన్ మోయగలిగే సైజు. ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి.

సిరోంచ_సిగ్నల్
1392కు రాలె. 1372కు వచ్చింది.

నాగావళి_నెట్
అయితే 1400 పెట్టండి. అడ్మిన్ సిఎండిలో ‘నెట్‌ఎస్‌హెచ్ ఇంటర్‌ఫేస్ ఐపీవి4 సెట్ సబ్ఇంటర్‌ఫేస్ "ఈథర్‌నెట్" ఎంటీయూ=1400 స్టోర్=పర్సిస్టెంట్’. కొటేషన్లలో మీ అడాప్టర్ పేరు, ‘షో సబ్ఇంటర్‌ఫేసెస్’ అంటే చూపిస్తుంది. ఆఫీసులో నాలుగైదు మెషీన్లుంటే రౌటర్‌లో వ్యాన్ (బయటి నెట్) పేజీలోనే మార్చడం మేలు.

సిరోంచ_సిగ్నల్
అయ్యిందన్నా! రెండు సెకన్లల్ల ప్రాంప్ట్ వచ్చింది. రౌటర్ల గూడ మార్చిన.

గుణుపురం_గుమాస్తా
నాలుగు మెషీన్లలోనూ వేరువేరు కీలు పెట్టాను, ఐకాన్‌లో పేరొక్కటే. బాగుంది. ఇప్పుడు బిగుసుకోవడం. కాన్ఫిగ్‌లో 60, 3 పెట్టాను కానీ బ్రాడ్‌బ్యాండ్ పోయి మొబైల్ డేటాకి మారినప్పుడు ఇంకా ఆగుతోంది. 10 చెయ్యనా?

బరంపురం_బాష్
ఆ రెండు అంకెలు ఏం చేస్తాయో చెప్తాను, మీరే తేల్చుకోండి. మీ సర్వర్‌కీ మీకూ మధ్యనున్న రౌటర్లు ప్రతి కనెక్షన్‌నీ ఒక పట్టీలో రాసుకుంటాయి. కొంతసేపు ప్యాకెట్ కదలకపోతే ఆ వరుస కొట్టేస్తాయి. మొబైల్ నెట్‌వర్కుల్లో ఈ గడువు చిన్నది. సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్ 60 అంటే నిమిషానికోసారి చిన్న ప్యాకెట్ పంపి ఆ వరుసని బతికించడం. లైనక్స్‌లో టీసీపీ సొంత కీప్‌అలైవ్ 7200 సెకన్లకి గానీ మొదలవదు, దాన్ని నమ్ముకుంటే లాభం లేదు.

కౌంట్‌మ్యాక్స్ 3 అంటే మూడు జవాబులు రాకపోతే మూసెయ్యమని. 60కి 180 సెకన్లు ఓర్చుకుంటుంది. 10 పెట్టారంటే 30 సెకన్ల ఓర్పే, లైన్ అరనిమిషం ఊగినా సెషన్ తెగుతుంది. మొబైల్ మీద 30, కౌంట్ 10 పెట్టండి. ఐదు నిమిషాలు ఆగుతుంది.

కానీ బ్రాడ్‌బ్యాండ్ నుంచి మొబైల్‌కి మారితే మీ ఐపీయే మారిపోతుంది. ఆ కనెక్షన్‌ని ఏ అంకే కాపాడలేదు. బిగుసుకున్న విండోని మూయడానికి ఎంటర్ కొట్టి, ~ కొట్టి, చుక్క కొట్టండి. ఆ మూడూ వరసగా.

వంశధార_ఒడ్డు
~. ఇన్నేళ్లూ తెలీదు. విండోనే కొట్టిపారేసేవాడిని.

నాగావళి_నెట్
ఐపీ మారినా తెగకూడదంటే మోష్ ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికెళ్లి తర్వాత యూడీపీ మీద నడుస్తుంది, సర్వర్ ఫైర్‌వాల్‌లో 60000 నుంచి 61000 వరకు యూడీపీ తెరవాలి.

ధర్మాబాద్_డెబియన్
ఈ ఆఫీసుకి మోష్ వద్దంటాను. మూడు విండోస్ మెషీన్లు, మోష్ కావాలంటే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల నడిచే లైనక్స్) వెయ్యాలి, సర్వర్‌లో వెయ్యి పోర్టులు తెరవాలి. పైగా అసలు బాధ కరెంటు. డెస్క్‌టాప్ ఆరిపోతే మోష్ కూడా ఆరిపోతుంది. పని సర్వర్‌లోనే బతకాలి, ఇక్కడి విండో ఉన్నా పోయినా దానికి పట్టకూడదు. ఆ పని చేసేదే సర్వర్‌లో నడిచే టీమక్స్.

ఐకాన్ టార్గెట్: ‘ఎస్‌ఎస్‌హెచ్ -టి ఖాతా టీమక్స్ న్యూ -ఏ -ఎస్ పని’. ఏ పెద్దక్షరం, మిగతావి చిన్నవి. ‘పని’ అనే సెషన్ ఉంటే అందులోకి, లేకపోతే కొత్తది. -టి మరిచిపోతే టీమక్స్ ‘టెర్మినల్ లేదు’ అని వెనక్కి కొడుతుంది. బయటికి రావాలంటే కంట్రోల్-బి, తర్వాత డి. నాలుగు సీట్లకీ ఒకే పేరు ఇస్తే నలుగురికీ ఒకే స్క్రీన్ కనిపిస్తుంది, ఒకరు కొట్టింది అందరికీ పడుతుంది. సీటు1, సీటు2 అని వేరే పేర్లివ్వండి.

బరంపురం_బాష్
ఈ టీమక్స్ ఆదేశాన్ని కాన్ఫిగ్‌లో రిమోట్‌కమాండ్ అని కూడా రాయొచ్చు, కానీ రాయకండి. అదే పేరుతో ఆర్‌సింక్ నడిపితే ‘రెండు ఆదేశాలు కుదరవు’ అని ఆగిపోతుంది. ఐకాన్‌లో పేరొక్కటే ఉండాలని మొదట నేనే అన్నాను, ఈ ఒక్కటీ ఐకాన్‌లో ఉండాల్సిందే.

గుణుపురం_గుమాస్తా
బ్యాకప్‌లో రెండు భాగాలు. సర్వర్‌లో డేటాబేస్ డంప్, తర్వాత ఆ 3 జీబీ ఫైల్ ఎస్‌సిపితో ఇక్కడికి. మొదటిది టీమక్స్‌లో పెడతాను. రెండోది?

ధర్మాబాద్_డెబియన్
మొదటిదానికి టీమక్స్ కూడా అక్కర్లేదు, సర్వర్‌లో క్రాన్ (చెప్పిన వేళకి పనిని తనంతట తానే నడిపేది) పెట్టండి. మీ కరెంటుతో దానికి సంబంధమే ఉండదు. ఫైల్ పేరులో తేదీ పెట్టండి, ఎందుకో కింద చెప్తాను.

రెండోది, ఎస్‌సిపి సగంలో తెగితే మళ్లీ మొదటికే. ఉబుంటు మెషీన్ నుంచైతే ‘ఆర్‌సింక్ -పి’, పి పెద్దది, తెగిన చోటి నుంచి అందుకుంటుంది. విండోస్‌లో ఆర్‌సింక్ ఉండదు, ఎస్‌ఎఫ్‌టిపి ఉంటుంది. ‘ఎస్‌ఎఫ్‌టిపి ఖాతా’ అని లోపలికెళ్లి ‘రీగెట్’ తర్వాత ఫైల్ పేరు. ఇక్కడ 1.8 జీబీ ఉంటే అక్కడి నుంచే మొదలవుతుంది. కానీ రీగెట్ సైజు ఒక్కటే చూస్తుంది. అదే పేరుతో సర్వర్‌లో కొత్త డంప్ వచ్చేసుంటే పాత సగం, కొత్త సగం అతుక్కుని చెత్త ఫైల్ తయారవుతుంది. అందుకే పేరులో తేదీ.

దిగాక పోల్చండి. సర్వర్‌లో ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్ ఫైల్’, విండోస్‌లో ‘సర్ట్‌యుటిల్ -హ్యాష్‌ఫైల్ ఫైల్ ఎస్‌హెచ్‌ఏ256’. 64 అక్షరాలూ కలిస్తేనే బ్యాకప్ ఉన్నట్టు.

వంశధార_ఒడ్డు
యూపీఎస్‌కి డెస్క్‌టాప్ ఒక్కటే తగిలించి రౌటర్‌నీ ఫైబర్ డబ్బానీ గోడ ప్లగ్గులో వదిలేస్తారు చాలామంది. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో ఇక్కడ అందరికీ తెలుసు. వాటినీ యూపీఎస్‌కి తగిలించండి, అవి తాగేది చాలా తక్కువ.

గుణుపురం_గుమాస్తా
ఇప్పుడు కొత్తది. మధ్యాహ్నం మూడో సీటులో పాస్‌వర్డ్ రెండు మూడుసార్లు తప్పు కొట్టారు, పాత ఐకాన్ ఒకటి మిగిలిపోయింది. అప్పట్నుంచి నాలుగు మెషీన్లలోనూ ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’. సర్వర్ బతికే ఉంది, వెబ్‌సైట్ తెరుచుకుంటోంది.

నాగావళి_నెట్
సర్వర్‌లో ఫెయిల్2బ్యాన్ (తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టిన ఐపీని కాసేపు ఆపేసేది) వేసుకున్నారా? నాలుగు మెషీన్లూ రౌటర్ వెనక ఒకే ఐపీతో బయటికెళ్తాయి. ఒక సీటు తప్పు నాలుగు సీట్లకీ పడుతుంది. మొబైల్ డేటా మీదైతే ఇంకా ఘోరం, ఒకే ఐపీని ఎంతోమంది పంచుకుంటారు, ముక్కూమొహం తెలియనివాడి తప్పుకి మీరు ఆగిపోవచ్చు. మామూలు సెట్టింగ్‌లో 10 నిమిషాల్లో 5 తప్పులకి 10 నిమిషాల నిషేధం. తలో మూడు కొట్టి ఇద్దరు పడినా సరిపోతుంది.

వెబ్ కన్సోల్‌లోకి వెళ్లి ‘ఫెయిల్2బ్యాన్-క్లయింట్ స్టేటస్ ఎస్‌ఎస్‌హెచ్‌డీ’ చూడండి. మీ ఐపీ ఉంటే ‘ఫెయిల్2బ్యాన్-క్లయింట్ సెట్ ఎస్‌ఎస్‌హెచ్‌డీ అన్‌బ్యాన్ఐపీ’ తర్వాత ఐపీ. రెండిటికీ ముందు సుడో (అడ్మిన్ హక్కుతో నడపమని).

గుర్తుంచుకోండి, రెఫ్యూజ్డ్ అంటే అవతల ఎవరో ‘పో’ అన్నారు, ప్యాకెట్ అక్కడిదాకా చేరింది. టైమ్‌డ్ అవుట్ అంటే జవాబే లేదు. ఫైర్‌వాల్ మింగింది, లేదా ఐపీ తప్పు. రెండిటికీ వెతకాల్సిన చోట్లు వేరు.

గుణుపురం_గుమాస్తా
ఉంది, మా ఐపీయే. తీసేశాను, తెరుచుకున్నాయి. అన్నిట్లోనూ కీలు ఉన్నాయి కాబట్టి సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపేద్దామని సర్వర్ సెట్టింగుల ఫైల్ ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్‌లో పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ నో అని మార్చి రీస్టార్ట్ చేశాను. ఇంకా పాస్‌వర్డ్ అడుగుతోంది!

బరంపురం_బాష్
అద్దె ఉబుంటు సర్వర్లలో ఇది తరచూ తగిలేదే. ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డి అనే ఫోల్డర్ చూడండి, 50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్ అనే ఫైల్ ఉంటుంది, అందులో యెస్ అని రాసి ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఒక సెట్టింగ్‌ని మొదట ఎక్కడ చూస్తే అదే తీసుకుంటుంది, తర్వాతివి లెక్కలేదు. ఆ ఫోల్డర్‌ని పిలిచే ఇన్‌క్లూడ్ లైన్ పైనే ఉంది, అందుకే మీ ‘నో’ దాకా రాలేదు. ఆ ఫైల్‌లో మార్చండి. ‘సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టి’, టి పెద్దది, అంటే చివరికి అమలయ్యే విలువలు చూపిస్తుంది. చిన్న టి అయితే రాతలో తప్పులు వెతుకుతుంది. రెండూ చూశాకే రీస్టార్ట్.

ఇప్పుడు తెరిచి ఉన్న విండోని మూయకుండా ఇంకో సీటు నుంచి కొత్త ఐకాన్ నొక్కి లోపలికి వెళ్లగలిగితేనే మొదటిది మూయండి.

ధర్మాబాద్_డెబియన్
ఆ పెన్‌డ్రైవ్ కీ లైన్ ఆథరైజ్డ్_కీస్‌లో ఇంకా ఉందా?

గుణుపురం_గుమాస్తా
ఉంది. ఇప్పుడు ఐదు లైన్లు.

ధర్మాబాద్_డెబియన్
తీసేముందు నాలుగు సీట్లూ కొత్త కీతోనే వస్తున్నాయో లేదో సర్వర్ లాగ్‌లో చూసుకోండి. ‘యాక్సెప్టెడ్ పబ్లిక్‌కీ’ లైన్ చివర వేలిముద్ర ఉంటుంది. పెన్‌డ్రైవ్ కీ వేలిముద్ర అక్కడ కనిపించకపోతే ఆ లైన్ ముందు # పెట్టండి. రెండు రోజులు ఎవరూ అడగకపోతే చెరిపెయ్యండి. పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చెయ్యండి.

గుణుపురం_గుమాస్తా
# పెట్టాను. నాలుగు సీట్లూ తెరుచుకుంటున్నాయి. ఉబుంటు సీటులో మాత్రం ఐకాన్ నొక్కితే టెక్స్ట్ ఎడిటర్ తెరుచుకుంటోంది.

బరంపురం_బాష్
.డెస్క్‌టాప్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘అలౌ లాంచింగ్’ నొక్కండి. లోపల టైప్=అప్లికేషన్, టెర్మినల్=ట్రూ ఉండాలి, ఎగ్జెక్= తర్వాత అదే టీమక్స్ ఆదేశం. టైప్, అప్లికేషన్, టెర్మినల్, ఎగ్జెక్ మాటల్లో మొదటి అక్షరం పెద్దది. టెర్మినల్ ప్రిఫరెన్సెస్‌లో మీ ప్రొఫైల్, కమాండ్ ట్యాబ్, ఆదేశం ముగిసినప్పుడు ‘హోల్డ్ ద టెర్మినల్ ఓపెన్’ ఎంచుకోండి. అక్కడా విండో మాయమవదు.

గుణుపురం_గుమాస్తా
తెరుచుకుంది.